పడవలో ఇద్దరు సరంగులు

మావారి ఎక్సెల్ షీటులో నా పేరు ఒక్కచోటే ఉంది. తొమ్మిది రోజుల ప్రయాణానికి తొమ్మిది వరసలు. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని మైళ్ళు, పెట్రోలు ఎంత, రాత్రి ఎక్కడ లంగరు వేయాలి, అన్నీ రంగురంగుల గళ్ళల్లో పొందిగ్గా రాసుకున్నారు. చివరి గడిలో "ఫుడ్" అని, దాని కింద తొమ్మిది సార్లూ నా పేరు. పైనుంచి కిందికి లాగేసినట్టున్నారు.

"ఏమండీ, ఈ తొమ్మిది రోజుల్లో నేను వండటం తప్ప ఇంకేమీ చెయ్యనా?" అన్నాను.

"నువ్వు రిలాక్స్ అవ్వాలనే కదా ఇదంతా. పడవ సంగతి నేను చూసుకుంటానుగా" అన్నారు.

ఆయన మంచి మనసుతోనే అన్నారు. కానీ "నేను చూసుకుంటాను" అనే ఆ మాటే నాకు భయం. ఎందుకు భయమో చెప్పడానికే ఇవాళ ఇది రాస్తున్నాను. ఈమధ్య మా సియాటిల్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు చాలామంది చిన్న పడవలు కొంటున్నారు. ట్రెయిలర్ మీద పెట్టుకుని, కారుకి తగిలించుకుని, శని ఆదివారాలు నీళ్ళ మీదికి వెళ్తున్నారు. వేసవి రాగానే శాన్ వాన్ దీవులకి వెళ్దామనీ, ఇంకా పైకి కెనడా దాకా పోదామనీ ఉబలాటం. ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, టిఫిన్ డబ్బాలు సర్దడం ఒక్క పూట ఆపి, స్టీరింగ్ ముందు కూర్చోండి అని చెప్పాలని.

మాది 22 అడుగుల పడవ. ముందు భాగంలో ఇద్దరు పడుకునేంత చిన్న గది, వెనక ఔట్‌బోర్డ్ ఇంజను. రెండేళ్ళ కిందట కొన్నాం. నిరుడు మే నెలలో సమామిష్ సరస్సులో తిప్పుతున్నాం. గాలి కొద్దిగా ఉంది, ఎండ బాగుంది. ఇంజను వెనక ఏదో నాచు చుట్టుకున్నట్టుందని ఆయన ఇంజను ఆపి, వెనక మెట్టు మీదికి దిగి వంగి చూస్తున్నారు. కాలు జారింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. నేను వెనక్కి తిరిగేసరికి ఆయన నీళ్ళల్లో ఉన్నారు. లైఫ్ జాకెట్ సీటు మీద ఉంది.

ఆయనకి ఈత వచ్చు. నేనూ ముందు నవ్వాను. తరవాత చూస్తే మాకూ ఆయనకీ మధ్య దూరం పెరుగుతోంది. పడవని గాలి తోసుకుపోతోంది. ఆయన ఈదుతున్నారు, పడవ అంతకన్నా వేగంగా పోతోంది. మే నెలలో ఆ నీళ్ళు ఇంకా చల్లగానే ఉంటాయి. ఆయన మొహం మారిపోవడం ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది. నేను వెళ్ళి తాళం తిప్పాను. ఏమీ కాలేదు. మళ్ళీ తిప్పాను. టక్ మని కూడా అనలేదు. బ్యాటరీ పోయిందనుకున్నాను. మా అమ్మాయి సీటు కింద ఉన్న విసిరే దిండు తీసి విసిరింది. అది సగం దూరంలోనే పడింది. మా చిన్నాడు ఏడుపు మొదలెట్టాడు.

దేవుడల్లే ఒక పెద్దావిడ కయాక్‌లో అటు వచ్చింది. దాని వెనక భాగం పట్టుకోమని ఆయన్ని లాక్కొచ్చి పడవ దగ్గర దించింది. మొత్తం ఏడు నిమిషాలో ఎనిమిది నిమిషాలో. పైకెక్కాక ఆయన వణుకుతూనే చెప్పారు, గేరు న్యూట్రల్‌లో లేకపోతే ఇంజను అంటుకోదని. ఆపేటప్పుడు గేరు కొంచెం ముందుకి ఉండిపోయిందట. అంటే ఆ పిడిని ఒక్క అంగుళం వెనక్కి లాగితే సరిపోయేది. రెండేళ్ళుగా ఆ పడవలో తిరుగుతున్న నాకు ఆ ఒక్క ముక్క తెలియదు.

ఈ సంగతి మా అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. మాది కోనసీమ. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్ళడం మాకు బస్సెక్కినంత మామూలు. అయినా 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పాపికొండలకి వెళ్ళే పడవ మునిగి కుటుంబాలకి కుటుంబాలు పోయినప్పటి నుంచి, అమ్మకి ఫోన్‌లో పడవ అన్న మాట వినిపిస్తే చాలు, గొంతు మారిపోతుంది. ఇలా జరిగిందని ఆవిడకి ఏమని చెప్పను?

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఇద్దరు పెద్దవాళ్ళూ నడపలేని పడవలో పిల్లల్ని ఎక్కించకూడదు. ఎక్కించి సరస్సులో తిప్పినా తప్పే. ఇక దీవుల మధ్యకి, సముద్రపు నీళ్ళల్లోకి తీసుకెళ్ళడం ఇంకా పెద్ద తప్పు.

ఎందుకంటే అక్కడి నీళ్ళ సంగతి వేరు. శాన్ వాన్ దీవులు చూడ్డానికి ఎంత అందంగా ఉంటాయో, రాళ్ళతో అంత గజిబిజిగానూ ఉంటాయి. పేరున్న దీవులే నూట డెబ్భై దాకా ఉన్నాయంటారు. ఆటు బాగా తీసినప్పుడు లెక్కపెడితే పైకి తేలే రాళ్ళతో కలిపి ఇంకా ఎన్నో. వాటిల్లో సుసియా అని ఒక దీవి ఉంది. 1791లో వచ్చిన స్పెయిన్ వాళ్ళు పెట్టిన పేరది. వాళ్ళ భాషలో ఆ మాటకి మురికి అని అర్థం. దీవి మురికిగా ఉండి కాదు, చుట్టూ నీటి కింద రాళ్ళున్నాయి, పడవలు జాగ్రత్త అని ఓడవాళ్ళ భాషలో హెచ్చరిక.

అక్కడి నీళ్ళు ఏడాది పొడుగునా 10 డిగ్రీల సెల్సియస్‌కి అటూఇటూగా ఉంటాయి. చలినీళ్ళల్లో పడ్డవాళ్ళ గురించి 1-10-1 అని ఒక లెక్క చెప్తారు. ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం. చేతులూ కాళ్ళూ చెప్పినమాట వినేది ఒక పది నిమిషాలు. ఒళ్ళు చల్లబడి స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. చాలామంది ఆ గంట దాకా రారు. మొదటి నిమిషంలో నీళ్ళు మింగో, పదో నిమిషానికి చేతులు పనిచెయ్యకో మునిగిపోతారు. లైఫ్ జాకెట్ ఒంటిమీద ఉంటేనే ఆ గంట వాళ్ళకి దక్కుతుంది. ఈ లెక్క చదివిన రోజు, సరస్సులో మాకు పట్టిన ఏడెనిమిది నిమిషాలు గుర్తొచ్చి రాత్రంతా నిద్ర పట్టలేదు.

వాషింగ్టన్ చట్టం ప్రకారం 19 అడుగుల లోపు పడవల్లో పన్నెండేళ్ళ వరకు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకుని తీరాలి. మా పడవలో ఇప్పుడు వయసుతోనూ అడుగులతోనూ సంబంధం లేదు. తాడు విప్పే ముందు నలుగురం వేసుకోవాలి. నడిపేవాళ్ళు ఇంజను ఆపే తాడు ఒంటికి తగిలించుకోవాలి. 26 అడుగుల లోపు పడవలు వేగంగా పోతున్నప్పుడు ఆ తాడు వాడాలని 2021 ఏప్రిల్ నుంచి ఈ దేశమంతటా చట్టం ఉంది కూడా. మావారు దాన్ని తాళంచెవికి చుట్టి ఉంచేవారు.

ఆ షీటు సంగతికి వస్తాను. ఆయన రాసుకున్న తొమ్మిది రోజుల ప్రయాణం కెనడాలోని డెసొలేషన్ సౌండ్‌కి. ఆ పేరు 1792లో జార్జ్ వాంకూవర్ పెట్టాడు. ఆయనకి అది దిక్కులేని చోటులా తోచిందేమో గానీ, ఇప్పటివాళ్ళకి అది స్వర్గం. వేసవిలో అక్కడి నీళ్ళు ఈదేంత వెచ్చగా ఉంటాయి, కొండలు తిన్నగా నీళ్ళల్లోకి దిగుతాయి. ఫొటోలు నేనూ చూశాను, నాకూ వెళ్ళాలనే ఉంది. కానీ అనకోర్టెస్ నుంచి అది వంద నాటికల్ మైళ్ళకి పైమాటే. మధ్యలో జార్జియా జలసంధి దాటాలి. వెళ్ళిరావడానికి తొమ్మిది రోజులు, తొమ్మిది వరసల్లో ఒక్కటి కూడా ఖాళీ లేదు. పదో రోజు సోమవారం, ఆయనకి ఆఫీసులో మీటింగు.

నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఆ సోమవారం. గాలి ఎక్కువగా ఉన్నరోజు ఆగిపోవడానికి ఎవరికైనా వస్తుంది, ఆగడానికి రోజు ఉంటే. రోజు లేనివాడు "పర్లేదులే, మెల్లగా పోదాం" అంటాడు. ఇంట్లో పెళ్ళికి టైమైపోతోందని వర్షంలో కారు తీసేవాళ్ళని మనం ఎంతమందిని చూడలేదు? కారైతే పక్కకి తీసి ఆపుకోవచ్చు.

ఆటుపోట్ల సంగతి నేను చదవడం మొదలెట్టాక ఇంకోటి తెలిసింది. అక్కడ రోజుకి రెండు పోట్లు, రెండు ఆటులు, అవి కూడా ఒకదానికొకటి సమానం కాదు. నీరు ఎంత ఎత్తు ఉంటుందో చెప్పే పట్టిక ఒకటి, నీరు ఎటు ఎంత వేగంగా పారుతుందో చెప్పే పట్టిక ఇంకొకటి. పోటు నిండిన క్షణంలోనే ప్రవాహం ఆగుతుందనుకోకూడదు, చాలాచోట్ల రెండిటికీ వేళలు కలవవు. డిసెప్షన్ పాస్ అని వంతెన కింద ఇరుకు దారి ఉంది. అక్కడ నీరు 8 నాట్ల వేగం దాకా పారుతుంది. ఆ వంతెన మీద నించుని మేమే ఎన్నోసార్లు ఫొటోలు దిగాం. కింద నీళ్ళు సుడులు తిరుగుతుంటే గోదావరి వరదలా ఉందని మురిసిపోయాం. నీరు ఒకవైపు పారుతుంటే గాలి ఎదురుగా వీచినప్పుడు కెరటాలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. రొసారియో జలసంధిలో పొద్దున అద్దంలా ఉన్న నీళ్ళే మధ్యాహ్నానికి అలా అవుతాయి. కాబట్టి మన బయల్దేరే వేళ నిర్ణయించేది ఆ పట్టికే. పిల్లలు లేచి పళ్ళు తోముకునే వేళ కాదు.

నేను ఏం చేశానంటే, ముందు నేను పరీక్ష రాశాను. ఈ రాష్ట్రంలో 15 హార్స్ పవర్, ఆపైన ఇంజను నడపాలంటే బోటర్ కార్డు ఉండాలి. ఆన్‌లైన్‌లో పాఠాలు చదివి, పరీక్ష రాసి తెచ్చుకున్నాను. పెళ్ళయ్యాక రాసిన మొదటి పరీక్ష, మా అమ్మాయి నన్ను ప్రశ్నలడిగి చదివించింది. కోస్ట్ గార్డ్ ఆగ్జిలరీ వాలంటీర్లు పడవలు ఉచితంగా తనిఖీ చేసి పెడతారు. వాళ్ళొచ్చినప్పుడు మావారి పక్కన నేనూ నించుని, మంటలార్పే సిలిండర్ ఎక్కడ, గాల్లోకి వదిలే సిగ్నల్ మందులు ఎక్కడ, వాటి గడువు తేదీ ఎప్పటిదాకా, అన్నీ అడిగాను.

తరవాత నీళ్ళ మీద. పదకొండు శనివారాలు నేనే నడిపాను, ఆయన పక్కన కూర్చున్నారు. రేవుకి ఆనించడం నేర్చుకునేటప్పుడు రెండుసార్లు పక్కకి గీరాను. ఆయన పళ్ళు కొరుక్కున్నారు గానీ ఏమీ అనలేదు. దిండుకి టోపీ కట్టి నీళ్ళల్లో పడేసి, గాలికి ఎదురుగా వచ్చి, దగ్గరికి రాగానే ఇంజను ఆపి, దాన్ని తియ్యడం ప్రాక్టీసు చేశాను. మొదటి రోజు ఆ టోపీని నాలుగుసార్లు ముంచేశాను. ఇప్పుడు రెండు నిమిషాల్లో తెస్తున్నాను.

రేడియో నేర్చుకున్నాను. దీవుల మధ్య ఫోన్ సిగ్నల్ నమ్మడానికి లేదు, పడమటి వైపు పోతే ఫోను కెనడా టవర్ పట్టుకుంటుంది. వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానెల్, ఎర్ర బటను ఎక్కడుందో, మేడే అని మూడుసార్లు అని పడవ పేరు, ఎక్కడున్నామో, ఏమైందో, ఎంతమందిమో ఏ వరసలో చెప్పాలో ఒక కాగితం మీద రాసి రేడియో పక్కన అంటించాను. తెలుగు లిపిలో కూడా రాశాను. కంగారులో నాకు తెలుగే కళ్ళకి ఆనుతుంది.

లంగరు లెక్క కూడా వచ్చేసింది. ఇప్పుడు లోతు 15 అడుగులు, పోటుకి ఇంకో 8 పెరుగుతుంది, పడవ ముక్కు నీటికి 3 అడుగుల ఎత్తు. మొత్తం 26. దానికి అయిదు రెట్లు, 130 అడుగుల తాడు వదలాలి. సాయంత్రం లోతు ఒక్కటే చూసి తాడు వదిలితే అర్ధరాత్రి లంగరు జారుతుంది. ఇది బియ్యానికి నీళ్ళు కొలవడం కన్నా కష్టమేమీ కాదు. ఇన్నాళ్ళూ ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండో మాట కూడా ఒప్పుకోవాలి.

ఇక్కడే మా స్నేహితురాలు ఒకావిడ అంది, "అదేదో మగవాళ్ళ సరదా, వాళ్ళకి వదిలెయ్యక నీకెందుకే? నువ్వు కూడా నేర్చుకుంటే ఆ పని కూడా నీ నెత్తినే పడుతుంది" అని. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఇంట్లో ఏది నేర్చుకుంటే అది మన పనైపోవడం మనందరికీ అనుభవమే. అందుకని నేనూ ఒక షరతు పెట్టాను. నేను పడవ నేర్చుకుంటే ఆయన నా వంటగది నేర్చుకోవాలి.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఇంట్లో కందిపప్పు ఏ డబ్బాలో ఉందో ఆయనకి తెలియదు. చిన్నాడికి వేరుశెనగ పడదని తెలుసు గానీ, ఆ ఇంజెక్షన్ ఏ సంచీలో పెడతానో తెలియదు. మా అత్తగారి బీపీ మాత్రలు పొద్దున ఏవి, రాత్రి ఏవి, అదీ తెలియదు. నేను పడిపోతే ఈ ఇల్లు గాలికి కొట్టుకుపోతుంది, ఆ రోజు పడవలాగే. ఆయన మీద కోపంతో మొదలుపెట్టినదాన్ని, నా గదిలో నేనూ ఒక్కదాన్నే సరంగునని కూర్చున్నానని ఒప్పుకోవాల్సి వచ్చింది. "నేను చూసుకుంటాను" అని ఆయన పడవలో అన్నట్టే, నేను పదిహేనేళ్ళుగా ఇంట్లో అంటున్నాను. ప్రేమతోనే అంటున్నాను. కొంత గొప్ప కోసం కూడా అంటున్నానేమో.

ఇప్పుడు షీటు మారింది. డెసొలేషన్ సౌండ్ వచ్చే ఏడాదికో, ఆపై ఏడాదికో. ఈ జులైలో శాన్ వాన్ దీవులే, అమెరికా వైపు నీళ్ళే. నీళ్ళ మీద గీత కనపడదు గానీ, సరిహద్దు దాటితే రెండు దేశాలకీ చెప్పుకోవాలి, మన పాస్‌పోర్టులవాళ్ళకి ఆ కాగితాల తంటా వేరే. మొదటి రాత్రి లోపెజ్ దీవి దగ్గర స్పెన్సర్ స్పిట్, తరవాత జోన్స్ దీవి, గాలి బాగుంటే సుసియా. ఏడు రోజుల సెలవుకి నాలుగు రాత్రుల ప్రయాణం, మిగిలినవి ఖాళీ. ప్రతి వరసలోనూ కొత్తగా ఒక గడి పెట్టాం: "వెళ్ళలేకపోతే ఎక్కడ ఆగుతాం?" పెట్రోలు మూడు భాగాలు, పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, ముట్టుకోకుండా ఒకటి. కిల్లర్ వేల్స్ కనబడితే దగ్గరికి పోదామని పిల్లలు ఇప్పుడే అడగడం మొదలెట్టారు. అక్కడే ఉండే ఆ గుంపులకి వెయ్యి గజాల దూరంలో ఉండాలని 2025 జనవరి నుంచి రాష్ట్ర చట్టం. బైనాక్యులర్స్ కొనిపెట్టాను.

ఇంకొక నియమం నాది. ఇద్దరిలో ఎవరు "వెనక్కి పోదాం" అన్నా వెనక్కే. కారణం అడగకూడదు, మర్నాడు దెప్పకూడదు. ఈ రెండో దానికి ఆయన ఎక్కువ సేపు ఆలోచించి ఒప్పుకున్నారు.

వంట గడిలో ఇప్పుడు రెండు పేర్లు. పులిహోర, దద్దోజనం, పప్పుల పొడి, ఆవకాయ నేను ముందే చేసిపెడతాను. వేడిగా ఏదైనా కావాలంటే పడవ కట్టేశాకే పొయ్యి, అదీ తలుపు తెరిచి. గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే పడవ అడుక్కి చేరి కూర్చుంటుంది. మూసిన గదిలో పొయ్యి వెలిగిస్తే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనా ఉండదు. ఆ అలారం ఒకటి కొని బిగించాం. ఇది ఆయనకి నేను చెప్పిన పాఠం.

నిరుడు ఆగస్టులో వెళ్దామనుకున్న ప్రయాణం నా మూలంగా ఏడాది వెనక్కి పోయింది. మా అమ్మాయి నెలరోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇంకో నాలుగేళ్ళకి కాలేజీకి వెళ్ళిపోతుంది, మాకు మిగిలినవి నాలుగు వేసవులు, అందులో ఒకటి నేను ఖర్చు చేశాను. ఆ బాధ నాకుంది. అయినా తప్పు చేశాననిపించడం లేదు.

మొన్న శనివారం ఆయన రేవులో నించుని తాడు పట్టుకున్నారు, నేను పడవని మెల్లగా తెచ్చి ఆనించాను, గీరుకోకుండా. ఇంటికొచ్చాక ఆయన పప్పు వండారు. ఉప్పు ఎక్కువైంది. డబ్బా మాత్రం అడక్కుండానే తీసుకున్నారు.